పార్లమెంటు బడ్జెట్ మీద లెఫ్ట్ పార్టీలు ఏమంటున్నాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు ఇవే డౌట్లు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో మీటింగ్ అయ్యాక బయట చాయ్ దగ్గర ఒకరు అడుగుతారు, ఆఫీసులో ఇంకొకరు, చుట్టాల్లో మరొకరు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టా. లెఫ్ట్ అంటే ఇక్కడ సీపీఎం, సీపీఐ, సీపీఐ ఎంఎల్ లిబరేషన్, ఆర్‌ఎస్‌పీ, ఫార్వర్డ్ బ్లాక్. ఈ ఐదూ కలిసి 2025 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్‌కి ప్రత్యామ్నాయంగా ఒక డిమాండ్ల లిస్టు ఇచ్చాయి, నేను చెప్పేది ఎక్కువగా దాని గురించే, లెక్కలు కూడా 2025-26వే. నేను ఏ పార్టీ మెంబర్‌నీ కాదు. వాళ్లు అన్నదేదో, నాకు అనిపించిందేదో విడివిడిగా తెలిసేట్టే రాశా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## బడ్జెట్ రాకముందు

బడ్జెట్‌కి ముందే డిమాండ్లు ఇస్తారంట కదా, ఎవరికి ఇస్తారు? ఎవరన్నా వింటారా?

బడ్జెట్‌కి ముందు ఆర్థిక మంత్రి వరసగా మీటింగులు పెడతారు, రైతు సంఘాలతో ఒకరోజు, ఇండస్ట్రీ వాళ్లతో ఒకరోజు, కార్మిక సంఘాలతో ఒకరోజు. ఏఐటీయూసీ, సీఐటీయూ లాంటి లెఫ్ట్ యూనియన్లు వెళ్లి మెమోరాండం ఇచ్చేది అక్కడే. కనీస వేతనం నెలకి 26,000, ఈపీఎస్ పెన్షన్ (పీఎఫ్ కట్టినవాళ్లకి రిటైరయ్యాక వచ్చేది) కనీసం 9,000 అనేవి యూనియన్లు ఎప్పట్నుంచో అడుగుతున్నవి. ఈపీఎస్ కనీస పెన్షన్ 2014లో 1,000 చేశారు, 2025-26 బడ్జెట్‌లోనూ దాన్ని కదపలేదు. జీడిమెట్లలోనో బాలానగర్‌లోనో ముప్పై ఏళ్లు మెషిన్ మీద పనిచేసి రిటైరై, బర్కత్‌పుర పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరిగే వాళ్లని అడిగితే ఆ వెయ్యి రూపాయల కథ చెప్తారు. వింటారా అంటే, కూర్చోబెట్టి వింటారు, మినిట్స్‌లో రాసుకుంటారు, అంతే.

ఒక్క ముక్కలో చెప్పన్నా, వీళ్ల ప్రయారిటీ ఏంది?

బాగా డబ్బున్నోళ్ల మీద పన్ను వెయ్యాలి, ఆ డబ్బు ఉపాధి, చదువు, వైద్యం, రేషన్, పెన్షన్లకి పెట్టాలి, ప్రభుత్వ కంపెనీలు అమ్మొద్దు, రాష్ట్రాల వాటా పెంచాలి. ఇంతే. మనవాళ్లు వీటిలో ఖర్చు సైడ్ మాత్రమే పట్టుకుని "ఫ్రీలు అడుగుతున్నారు" అంటారు కానీ ఆ లిస్టులో మొదట ఉన్నది పన్నుల ముచ్చట. అసలు గొడవంతా అక్కడే ఉంది, ఎవరి దగ్గర వసూలు చేయాలన్న దగ్గర.

తెలంగాణలో ఒక్క ఎమ్మెల్యే గెలిచిన పార్టీల మాట ఎందుకు పట్టించుకోవాలి?

2023లో కొత్తగూడెం నుంచి సీపీఐ ఒక్కటే సీటు గెలిచింది, సీపీఎంకి సున్నా, నిజమే. 2024 లోక్‌సభలో సీపీఎం 4, సీపీఐ 2, లిబరేషన్ 2, ఆర్‌ఎస్‌పీ 1. ఈ బలంతో బడ్జెట్ మార్చలేరు, వాళ్లకీ తెలుసు.

కానీ బలం ఉన్నప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి కదా. 2004లో లెఫ్ట్‌కి అరవై దాకా ఎంపీలు, కాంగ్రెస్ నడిపిన యూపీఏ ప్రభుత్వం వాళ్ల మద్దతు మీదే నిలబడింది. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ మొదలుపెట్టారు. ఆ క్రెడిట్ మొత్తం లెఫ్ట్‌దే అంటే నేను ఒప్పుకోను, కాంగ్రెస్ మేనిఫెస్టోలోనూ ఉంది, ప్రజాసంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడాయి. ఐతే బయట నుంచి ఆ ఒత్తిడి లేకపోతే చట్టం అంత గట్టిగా వచ్చేది కాదేమో అనిపిస్తుంది. 2008 జులైలో అమెరికాతో అణు ఒప్పందం మీద మద్దతు వెనక్కి తీసుకున్నారు, ఆ తర్వాత కేంద్రంలో ఆ పట్టు మళ్లీ రాలేదు.

## ఖర్చు ఎక్కడ పెట్టాలంటారు

50 లక్షల కోట్ల బడ్జెట్ అంటున్నారు, అందులో మార్చడానికి నిజంగా ఎంత ఉంటది?

2025-26లో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అందులో పాత అప్పుల వడ్డీకే 12.76 లక్షల కోట్లు, అంటే రూపాయిలో పావలా. డిఫెన్స్ 6.81 లక్షల కోట్లు. ఫుడ్ సబ్సిడీ 2.03 లక్షల కోట్లు, ఎరువుల సబ్సిడీ 1.68 లక్షల కోట్లు. ఇంకా జీతాలు, పెన్షన్లు, ముందే మొదలైన ప్రాజెక్టులు. ఏ పార్టీ వచ్చినా ఒక్క ఏడాదిలో అటూ ఇటూ జరపగలిగేది చాలా తక్కువ. అందుకే ఉన్న ముద్దని వేరేగా పంచడం కంటే కొత్త ఆదాయం తేవాలని లెఫ్ట్ వాదన. ఇంకో కంప్లయింట్ కూడా ఉంది వాళ్లది: 2024-25లో 48.21 లక్షల కోట్లు ఖర్చు పెడతామని చెప్పి సవరించిన అంచనాలో 47.16కి దించారు. లక్ష కోట్లు చప్పుడు లేకుండా తగ్గింది, టీవీల్లో ఒక్క డిబేట్ కూడా నేనైతే చూడలేదు.

ఉపాధి హామీకి 86,000 కోట్లు ఇచ్చారు కదా, ఇంకా ఎంత కావాలంట?

సగం పెంచమన్నారు, అంటే సుమారు 1.29 లక్షల కోట్లు. 86,000 కోట్లు అంతకు ముందు ఏడాదీ అంతే, ధరలు పెరిగాయి కూలి రేటు పెరిగింది కాబట్టి అదే డబ్బుతో పని దినాలు తగ్గుతాయి, సింపుల్ లెక్క. తెలంగాణలో 2025-26 కూలి రోజుకి 307. కరోనా ఏడాది 2020-21లో ఈ పథకానికి లక్షా పదివేల కోట్లు దాటి ఖర్చయింది, అంటే అవసరం వస్తే డబ్బు దొరుకుతుందని లెఫ్ట్ వాళ్లు గుర్తుచేస్తారు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం తీసేసి కొత్త చట్టం తెచ్చింది. 125 రోజులు అంటున్నారు కానీ ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాల నెత్తిన పడుతుంది, అందుకే లెఫ్ట్ దాన్ని పూర్తిగా వ్యతిరేకించింది. నాకైతే రోజుల సంఖ్య కంటే ఆ 40 శాతమే భయంగా ఉంది. ఖజానా ఖాళీగా ఉన్న రాష్ట్రం పని అడిగినోళ్లకి ఏం చెప్తుంది?

ఊళ్లో వాళ్లకి ఉపాధి హామీ సరే, సిటీలో కూలోళ్లకి ఏముంది?

కేంద్ర చట్టం ఏదీ లేదు. పట్టణ ఉపాధి హామీ చట్టం తేవాలన్నది లెఫ్ట్ లిస్టులో ఉంది. కేరళలో అయ్యన్‌కాళి పేరుతో ఇలాంటి పథకం 2010 నుంచే ఉంది, రాజస్థాన్‌లో 2022లో కాంగ్రెస్ ప్రభుత్వం తెచ్చింది. పొద్దున ఏడింటికి కూకట్‌పల్లి వైపు లేబర్ అడ్డా దగ్గర చూస్తే ఎందుకు కావాలో అర్థమవుతుంది, తొమ్మిదిన్నర దాటినా అక్కడే నిలబడ్డవాళ్లకి ఆరోజు పని లేనట్టే. ఐతే సిటీలో ఏ పని ఇస్తారు, మేస్త్రీకి, పెయింటర్‌కి, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ అడ్రస్ లేనోళ్లకి కార్డు ఎట్లా ఇస్తారు, ఇవన్నీ డిమాండ్‌లో లేవు. అక్కడ ఇంకా చాలా రాయాలి వాళ్లు.

ముసలోళ్ల పెన్షన్ రాష్ట్రం ఇస్తుంది కదా, పార్లమెంటు బడ్జెట్‌కి ఏం సంబంధం?

చాలామందికి తెలియంది ఇదే. 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి, అదీ పేదరికం రేఖకి దిగువన ఉన్నవాళ్లకి మాత్రమే, కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. అవును, రెండొందలే. 2007 నాటి రేటు. 80 దాటితే 500. మధ్యలో పెట్రోల్, పప్పు, బీపీ గోళీ అన్నీ ఎక్కడికో పోయినా ఆ 200 అట్లాగే ఉంది.

తెలంగాణలో ఆసరా కింద ముసలివాళ్లకి 2,016 వస్తుందంటే మిగతాదంతా రాష్ట్రం జేబులోంచే, పైగా కేంద్రం లిస్టులో లేని లక్షల మందికి మొత్తం రాష్ట్రమే ఇస్తుంది. ఆంధ్రాలో 2024 జులై నుంచి 4,000 చేశారు, ఇక్కడ కూడా 4,000 చేస్తామని కాంగ్రెస్ ఎన్నికల్లో మాటిచ్చింది. పార్టీలన్నీ రాష్ట్రాల్లో పోటీపడి పెంచుతుంటే ఢిల్లీలో మాత్రం కాంగ్రెస్ ఉన్నప్పుడూ బీజేపీ ఉన్నప్పుడూ ఎవరూ కదపలేదు. కేంద్రం వాటా పెంచాలని లెఫ్ట్ ఏళ్లుగా అడుగుతోంది. వాళ్ల మొత్తం లిస్టులో ఎదురు చెప్పడం నాకు చేతకాని డిమాండ్ ఏదన్నా ఉందంటే ఇదే. ఈ సామాజిక సహాయ పథకం మొత్తానికి కేంద్రం కేటాయించేది పదివేల కోట్లలోపే, మూడింతలు చేసినా 50 లక్షల కోట్లలో అది కనపడదు కూడా.

చదువుకి 6 శాతం, వైద్యానికి 3 శాతం అని ఎప్పుడూ అంటారు, ఆ నంబర్లు ఎక్కడివి?

జీడీపీలో (దేశం ఏడాదికి సంపాదించే మొత్తంలో) 6 శాతం అని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానంలో మోదీ ప్రభుత్వం కూడా అదే రాసుకుంది. వైద్యానికి 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం అంది, లెఫ్ట్ 3 శాతం అంటోంది. అంటే అంకెల్లో పెద్ద విప్లవమేమీ లేదు, ప్రభుత్వం తానే రాసుకున్నదాన్ని కాస్త ముందుకు జరిపారు.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. ఈ శాతాలు కేంద్రం, రాష్ట్రాలు కలిపి. గాంధీ, ఉస్మానియా రాష్ట్రం ఖర్చు. బీబీనగర్ ఎయిమ్స్, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ కేంద్రం ఖర్చు. స్కూళ్లయితే దాదాపు రాష్ట్రాలే నడుపుతాయి. కాబట్టి "కేంద్ర బడ్జెట్‌లో విద్యకి 6 శాతం లేదు" అని ఎవరైనా ఊగిపోతుంటే లెక్క కలిపేశారని అర్థం.

రోడ్లు, రైళ్లకి పెట్టే ఖర్చు వద్దంటారా వీళ్లు?

వద్దనరు. 11.21 లక్షల కోట్ల క్యాపెక్స్ (రోడ్లు, రైళ్ల లాంటి ఆస్తుల మీద ఖర్చు) పెట్టినా ఉద్యోగాలు ఆ లెక్కలో రావట్లేదు, కాంట్రాక్టులు పెద్ద కంపెనీలకే పోతున్నాయి, అదే డబ్బులో కొంత జనం చేతికి వెళ్తే మార్కెట్‌లో కొనుగోళ్లు పెరుగుతాయని వాదన. ఇందులో సగమే నిజం అనుకుంటా. ఔటర్ రింగ్ రోడ్డు లేని హైదరాబాద్‌ని ఊహించండి ఒకసారి.

మిలిటరీ బడ్జెట్ తగ్గించమంటారా?

2025 లిస్టులో నాకు తెలిసి అలాంటి డిమాండ్ లేదు. ఆ 6.81 లక్షల కోట్లలో 1.6 లక్షల కోట్లు మాజీ సైనికుల పెన్షన్లే, తగ్గించమని ఎవరంటారు. వాళ్ల అభ్యంతరం ప్రైవేటీకరణ మీద. 2021 అక్టోబరులో ఆయుధాలు, గుండ్లు తయారుచేసే 41 ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలని ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మార్చారు, మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ కూడా అందులో పోయింది, అప్పుడు యూనియన్లు గట్టిగానే కొట్లాడాయి.

అంగన్‌వాడీ టీచర్ల జీతం సంగతి బడ్జెట్‌లో ఎందుకు వస్తుంది?

ఎందుకంటే అది కేంద్ర పథకం. కేంద్రం లెక్కలో టీచర్‌కి 4,500, ఆయాకి 2,250. 2018లో పెంచిందే చివరిసారి. తెలంగాణలో టీచర్‌కి 13,650 అందుతుందంటే పైదంతా రాష్ట్రం కలిపింది. లెఫ్ట్ వాళ్లు అంగన్‌వాడీ, ఆశా, మధ్యాహ్న భోజనం వర్కర్ల పారితోషికంలో కేంద్రం వాటా పెంచమంటారు. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో గులాబీ చీరలు, ఎర్రజెండాలు కలిపి కనిపిస్తే చాలాసార్లు ఈ గొడవే.

## డబ్బు ఎక్కడి నుంచి తెస్తారంట

వెల్త్ టాక్స్ వేస్తే ఎంత వస్తుంది? ఉత్త మాటలేనా?

డిమాండ్ ఏంటంటే దేశంలో 200 మంది డాలర్ బిలియనీర్ల ఆస్తి మీద 4 శాతం పన్ను. లెక్క వేద్దాం. ఫోర్బ్స్ 2024 లిస్టులో ఇండియా నుంచి సరిగ్గా 200 మంది ఉన్నారు, మొత్తం ఆస్తి 95,400 కోట్ల డాలర్లు. డాలర్ 85 రూపాయలు వేసుకుంటే 81 లక్షల కోట్లు. అందులో 4 శాతం అంటే 3.2 లక్షల కోట్లు. కాగితం మీద చిన్న డబ్బేం కాదు, ఉపాధి హామీ కేటాయింపుకి మూడింతల పైనే.

కానీ ఇప్పుడు రెండో వైపు చూడండి. 2025-26 జీడీపీ అంచనా 357 లక్షల కోట్లు, ఒక్క శాతం అంటే 3.57 లక్షల కోట్లు. అంటే పన్ను మొత్తం పైసా తేడా లేకుండా వసూలైనా చదువుకి జీడీపీలో ఒక్క శాతం పెంచడానికి కూడా చాలదు, ఇంక వైద్యం, పెన్షన్, రేషన్, అంగన్‌వాడీ ఎక్కడి నుంచి? దీనికి వాళ్ల జవాబు కార్పొరేట్ పన్ను. 2019 సెప్టెంబరులో రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గించినప్పుడు ఏడాదికి 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది, అది వెనక్కి తెమ్మంటారు. రెండూ కలిపినా లిస్టు మొత్తానికి సరిపోదు. డిమాండ్ తప్పని కాదు నేననేది, ఏది ముందు ఏది తర్వాత అని వాళ్లు వరస పెట్టలేదు. ప్రయారిటీ అంటే వరసే కదా.

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్, ఫ్లాట్ లోన్ ఉంది, ఈ వెల్త్ టాక్స్ నాకు పడుద్దా?

పడదు భయ్యా. ఆ లిస్టులో చేరాలంటే 8,500 కోట్ల ఆస్తి ఉండాలి. మీకు తగిలే విషయం ఇంకోటి ఉంది: 2025 బడ్జెట్‌లో 12 లక్షల దాకా, జీతగాళ్లకి 12.75 లక్షల దాకా ఇన్‌కమ్ టాక్స్ లేకుండా చేశారు, దానివల్ల ప్రభుత్వానికి లక్ష కోట్లు తగ్గుతుందన్నారు. పన్ను పరిధిలోనే లేని కోట్ల మందికి దీనివల్ల ఒరిగిందేమీ లేదని లెఫ్ట్ విమర్శ. ఐటీ వాళ్లకి నచ్చదు ఆ మాట, కానీ లెక్కగా కరెక్టే.

ఇంతకుముందు వెల్త్ టాక్స్ ఉండేది కదా, ఎందుకు తీసేశారు?

1957 నుంచి ఉండేది. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ తీసేశారు, కారణం 2013-14లో వచ్చింది మొత్తం 1,008 కోట్లు, వసూలు ఖర్చు ఎక్కువ రాబడి తక్కువ అన్నారు. బదులుగా కోటి దాటిన ఆదాయం మీద 2 శాతం అదనపు సర్‌చార్జి వేశారు. తీసేసే నాటికి పాత పన్నులో బంగారం, కార్లు, ఖాళీ ప్లాట్లు లెక్కలోకి వచ్చేవి గానీ షేర్లు రావు, అసలు ఆస్తి ఉండేదే అక్కడ. కొత్తగా తేవాలంటే షేర్లని కలపకుండా తెచ్చి లాభం లేదు. వారసత్వం మీద ఎస్టేట్ డ్యూటీ కూడా 1985 దాకా ఉండేది.

ఇట్లా పన్నులేస్తే డబ్బున్నోళ్లు దుబాయ్ పోరా?

కొందరు పోతారు. ఫ్యాక్టరీలు, భూములు, రిటైల్ షాపులు పోవు. పోయేముందు పన్ను కట్టించుకునే చట్టం లేకపోతే మాత్రం ఇబ్బందే, ఆ వివరం లెఫ్ట్ కాగితంలో కనపడదు.

ప్రభుత్వ కంపెనీలు నష్టాల్లో ఉంటే అమ్మితే తప్పేంటి?

నష్టాలకి కారణం చూడకుండా అమ్మొద్దంటారు. తెలుగోళ్లకి తెలిసిన ఎగ్జాంపుల్ విశాఖ ఉక్కు. 2021 జనవరిలో కేంద్ర క్యాబినెట్ కమిటీ వంద శాతం అమ్మకానికి ఓకే చెప్పింది. సొంత ఇనుప గని లేకపోవడం వల్లే ఖర్చు ఎక్కువ, అది ఇచ్చి చూడండని కార్మికులు అడుగుతూనే ఉన్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. దాన్ని లెఫ్ట్ తమ పోరాట ఫలితం అంటుంది, టీడీపీ మా వల్లే అంటుంది. గని మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

## సభలో ఏం జరుగుతుంది

నచ్చకపోతే పార్లమెంటులో ఓటేసి ఆపలేరా?

కోత తీర్మానం పెట్టొచ్చు. మూడు రకాలు: పాలసీ నచ్చలేదని పద్దుని ఒక్క రూపాయికి తగ్గించమనడం, పొదుపు కోసం ఇంత కొయ్యమనడం, ఒక ఫిర్యాదు రికార్డుల్లోకి ఎక్కడానికి వంద రూపాయలు తగ్గించమనడం. ఏదైనా లోక్‌సభలో నెగ్గితే ప్రభుత్వం మెజారిటీ పోగొట్టుకున్నట్టే. 2010 ఏప్రిల్‌లో పెట్రోల్, ఎరువుల ధరల మీద లెఫ్ట్, బీజేపీ రెండూ ఒకే వైపు నిలబడి ప్రయత్నించాయి, 201కి 289తో ఓడిపోయాయి. ఆ రెండు పార్టీలు ఒకే వైపు ఓటేసిన సీన్ ఇప్పుడు చెప్తే పిల్లలు నమ్మరు. రాజ్యసభ అయితే ఆపలేదు, ద్రవ్య బిల్లుని 14 రోజుల్లో వెనక్కి పంపాల్సిందే.

లక్షల కోట్లు చర్చ లేకుండా పాస్ చేస్తారంట, నిజమా?

నిజమే, గిలెటిన్ అంటారు. టైమ్ అయిపోతే స్పీకర్ మిగిలిన పద్దులన్నీ ఒకేసారి ఓటుకి పెడతారు. ప్రతి ఏడాదీ కొన్ని శాఖల మీద చర్చ జరిగి మిగతావి ఇట్లా పోతాయి, 2018, 2023 లాంటి ఏళ్లలో అయితే మొత్తానికి మొత్తం గొడవల మధ్యే పాసయ్యాయి. 1993 నుంచి స్టాండింగ్ కమిటీలు పద్దుల్ని పరిశీలించి రిపోర్టులిస్తున్నాయి, నిజానికి సభలో ఉపన్యాసాల కంటే అవే బాగుంటాయి. చర్చ లేదని లెఫ్ట్ ఎంపీలు అరిచినమాట నిజం, సభ నడవనివ్వని వాళ్లలో వాళ్లూ ఉన్నారన్నదీ నిజం.

## పాసయ్యాక

తెలంగాణకి గుండు సున్నా అన్నారు కదా, లెఫ్ట్ వాళ్లూ అదే అంటారా?

అంటారు, కానీ కారణం వేరే చెప్తారు. మిగతా పార్టీలు ప్రాజెక్టుల పేర్లు చూస్తాయి, మెట్రో రెండో దశ 76.4 కిలోమీటర్లకి ఏమిచ్చారు, ఫలానా లైన్‌కి ఏమిచ్చారు అని. లెఫ్ట్ సెస్సుల దగ్గర పట్టుకుంటుంది. 2025-26 దాకా 15వ ఆర్థిక సంఘం ప్రకారం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకి వచ్చేది, అందులో తెలంగాణ వాటా 2.102 శాతం, అంతకుముందు 2.437 ఉండేది. ఐతే సెస్సు, సర్‌చార్జి (అసలు పన్ను పైన వేసే అదనపు పన్నులు) ఆ పంచే కుండలోకే రావు, కేంద్రం దగ్గరే ఉంటాయి. వాటిలో పెట్రో ఉత్పత్తుల మీద వేసేవి ఎత్తెయ్యాలని డిమాండ్. అన్ని సర్‌చార్జీలూ ఎత్తెయ్యాలంటే మాత్రం ఒక తిరకాసు ఉంది: కోటీశ్వరుల మీద ఇప్పుడున్న అదనపు పన్ను వచ్చేది సర్‌చార్జి రూపంలోనే. ఎత్తేసి ఆ మేరకు అసలు రేటు పెంచకపోతే లాభపడేది వాళ్లే.

ఇన్ని చెప్తారు, మరి కేరళలో ఏం చేశారు?

2016లో వచ్చిన లెఫ్ట్ కూటమి (ఎల్‌డీఎఫ్) ప్రభుత్వం పెన్షన్‌ని 1,600 దాకా తెచ్చి 2025లో 2,000 చేసింది. మధ్యలో నెలల తరబడి బకాయిలు పడ్డాయి కూడా. అప్పు పరిమితి కేంద్రం కోసేసిందని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టుకి వెళ్లారు, 2024లో అది రాజ్యాంగ ధర్మాసనానికి పోయింది. ఖర్చు పెట్టే మనసున్నా ఆదాయం చేతిలో లేకపోతే ఏమవుతుందో కేరళలో చూడొచ్చు, మన దగ్గరా చూడొచ్చు.

పార్టీల మాట వద్దు, నేనే బడ్జెట్ కాగితాలు చూసుకోవాలంటే?

ఆర్థిక శాఖ బడ్జెట్ సైట్‌లో అన్నీ ఫ్రీగా ఉంటాయి. మొదట "బడ్జెట్ ఎట్ ఎ గ్లాన్స్", పెద్దదేం కాదు. తర్వాత "ఎక్స్‌పెండిచర్ ప్రొఫైల్": ఎస్సీల కేటాయింపులు స్టేట్‌మెంట్ 10ఏ, ఎస్టీలవి 10బీ, పిల్లలవి 12, మహిళలవి 13. చాలా పద్దుల పక్కన నాలుగు కాలమ్స్ ఉంటాయి: రెండేళ్ల కిందటి అసలు ఖర్చు, పోయినేడు అంచనా, దాని సవరణ, ఈ ఏడు అంచనా. అందరూ నాలుగోది చూసి కొట్టుకుంటారు. మీరు మొదటిదీ, రెండోదాని నుంచి మూడోదానికి ఎంత తగ్గిందీ చూడండి.